ఎడమ కాలి కుళ్ళాయప్పకు వచ్చిన కాగితం

పదహారేళ్ళుగా ఒక మాట మింగి బతుకుతున్నాను. మింగింది అరగలేదు. బయటికీ రాలేదు. నా భార్యకు చెప్పలేదు. అమ్మ పోయేటప్పుడు పక్కనే కూచుని ఉన్నాను, ఆమెకూ చెప్పలేదు. ఇప్పుడు మీకు చెబుతున్నాను. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. అందుకే చెప్పగలుగుతున్నానేమో.

నా పేరు కుళ్ళాయప్ప. పేరు చెప్పేశాక ఇంక దాపరికం ఏముంది అనుకోకండి. అనంతపురం చుట్టుపక్కల ఈ పేరు పెట్టి పిలిస్తే వీధికి ఇద్దరు పలుకుతారు. గూగూడులో కుళ్ళాయిస్వామి అని పీరు ఉంది. పిల్లలు పుట్టకపోయినా, పుట్టి నిలవకపోయినా మా వైపు ఆడవాళ్ళు ఆయనకు మొక్కుకుంటారు. హిందువులూ మొక్కుతారు, ముస్లిములూ మొక్కుతారు. బిడ్డ దక్కితే ఆయన పేరే పెడతారు. కాబట్టి పేరు చెప్పినా నేను ఏమీ చెప్పనట్టే. నేను చేసిన పని కూడా ఈ పేరు చాటునే జరిగింది.

ధర్మవరం ఫుట్‌బాల్ జట్టులో మేం ఇద్దరం కుళ్ళాయప్పలం. మాది మగ్గం ఇల్లు, పట్టుచీరలు నేసేవాళ్ళం. వాడిది పరుపులు కుట్టే ఇల్లు. ఇంట్లో తెలుగే మాట్లాడే ముస్లిములు. దూది ఏకి, పరుపులూ దిండ్లూ కుట్టడానికి వాడూ వాళ్ళ నాయనా ఊరూరూ తిరిగేవాళ్ళు. అందుకని నేను మగ్గం కుళ్ళాయప్ప, వాడు పరుపుల కుళ్ళాయప్ప. ఇద్దరిదీ ఒకే ఈడు, ఒకే ఎత్తు, ఒకే బక్క ఒళ్ళు.

మేం ఆడింది ఎండిన చెరువులో. నీళ్ళుంటే ఆట ఉండదు. నీళ్ళు లేని ఏళ్ళే ఎక్కువ కాబట్టి మాకు ఆట బాగా వచ్చింది. కరువు వల్ల బాగుపడింది మా జట్టు ఒక్కటేనని పెద్దవాళ్ళు ఎగతాళి చేసేవాళ్ళు. బూట్లు ఎవరికీ లేవు. పగుళ్ళిచ్చిన నేల మీద వట్టి కాళ్ళతో ఆడేవాళ్ళం.

నేను రైటౌట్. కుడి అంచున పరిగెత్తి బంతిని మధ్యలోకి వేయడం నా పని. వాడు సెంటర్ ఫార్వర్డ్. మధ్యలో నిలబడి దాన్ని గోల్లోకి కొట్టడం వాడి పని. వాడిది ఎడమ కాలు. ఎడమ కాలితో కొడితే బంతి ఎటు పోతుందో గోల్‌కీపర్‌కి చివరిదాకా తెలిసేది కాదు. ఇంకో విద్య ఉండేది వాడికి. గోలుకు వీపు పెట్టి నిలబడేవాడు. నేను వేసిన బంతి వాడి దగ్గరికొస్తే ఆపేవాడిలా వంగి, ఆపకుండా, రెండు కాళ్ళ మధ్య నుంచి పోనిచ్చి, తాను చుట్టూ తిరిగి దాన్ని అందుకునేవాడు. అప్పటికి అవతలివాడు వాడి వీపుకు అంటుకుని ఉండేవాడు, బంతి మాత్రం దాటిపోయి ఉండేది. దాన్ని వాడు ‘దారం ఎక్కించేది’ అనేవాడు. సూది పట్టేవాడు కదా, ఆ మాటే వచ్చింది.

బెంగుళూరు నుంచి ఒక బట్టల మిల్లు జట్టు అనంతపురం వచ్చి మాతో ఆడింది. మిల్లు పేరు రాయను. వాళ్ళు పేరుకు మిల్లు పనివాళ్ళు, అసలు పని ఆట. ఆడినన్నాళ్ళూ జీతం, ఉండటానికి గది, మోకాలు పోయాక ఆఫీసులో ఒక కుర్చీ. మా కంటికి వాళ్ళు దేవతలు. ఓడిపోయాం. కానీ మా జట్టుకు రెండు గోల్స్ వచ్చాయి, రెండూ వాడివే, రెండూ ఎడమ కాలితోనే. రెండోది నా పాసు. ఆట అయ్యాక మిల్లు జట్టు కార్యదర్శి, టోపీ పెట్టుకున్న పెద్దమనిషి, మా దగ్గరికి వచ్చాడు. అప్పటికే పొద్దు గుంకుతోంది. మొహాల మీద చెరువంత దుమ్ము. చొక్కాల మీద అంకెలు లేని రోజులు. ఆయన వాడి భుజం తట్టి, పేరడిగి, చిన్న పుస్తకంలో రాసుకున్నాడు. రాస్తాను, కాగితం వస్తుంది అని కన్నడంలో అన్నాడు. నేను పక్కనే ఉన్నాను. ఆ చెయ్యి ఎవరి భుజం మీద పడిందో నేను చూశాను. ఇది మొదటే చెప్పుకోవాలి, లేకపోతే తరవాత నాకు నేనే సాకులు వెతుక్కుంటాను.

నెల తిరక్కముందే కాగితం వచ్చింది. కవరు మీద ఇంగ్లీషులో ‘కుళ్ళాయప్ప, ఫుట్‌బాల్ జట్టు, ధర్మవరం’ అని మాత్రమే ఉంది. పోస్టుమాన్‌కు మేమిద్దరం తెలుసు. పరుపుల కుళ్ళాయప్ప అప్పుడు ఊళ్ళో లేడు, పెళ్ళిళ్ళ కాలం, పరుపులు కుట్టడానికి ముదిగుబ్బ వైపు పోయాడు. ఉన్నా పోస్టుమాన్ నాకే ఇచ్చేవాడు. మా ఇద్దరిలో వాడు రెండో తరగతి దాటలేదు, నేను ఫోర్త్ ఫారం దాకా చదివాను. “ఇంగ్లీషు కాయితమంటే నీదే అయ్యుంటాదిలే” అని నా చేతిలో పెట్టి పోయాడు. తప్పు ఆయనతో మొదలైంది అనడానికి నాకు ఇది చాలా ఏళ్ళు పనికొచ్చింది.

నేను గుంట మగ్గంలో కూచుని, కాళ్ళు గుంటలోనే ఉండగా, కవరు చించాను. ఆ చించిన నిమిషం దాకా నేను దొంగను కాను. నా పేరే ఉంది, నాదే అనుకున్నాను. లోపల నాలుగు వాక్యాలు టైపు కొట్టి ఉన్నాయి. మొదటిది, అనంతపురంలో మీ ఆట మా కమిటీకి నచ్చింది అని. రెండోది, సెంటర్ ఫార్వర్డ్‌గా మీరు ఎడమ కాలితో కొట్టిన రెండు గోల్స్ ప్రత్యేకంగా చెప్పుకోదగ్గవి అని. మూడోది, మా జట్టులో చోటూ మిల్లులో ఉద్యోగమూ ఇస్తాం అని. నాలుగోది, పదిహేను రోజుల్లోపల ఈ కాగితం తీసుకుని రండి అని.

రెండో వాక్యం దగ్గర ఆగిపోయాను. మళ్ళీ చదివాను. ఎన్నిసార్లు చదివినా ఎడమ కాలు కుడి కాలు కాలేదు. కాగితం మడిచి మగ్గం కింద పెట్టి, పోగు నేసే నాడె చేతిలోకి తీసుకున్నాను. ఆ రోజు నేసిన అంచు వంకర పోయిందని నాయన తిట్టాడు.

అయిదు రోజులు అది అక్కడే ఉంది. ఆ అయిదు రోజులూ నేనేం ఆలోచించాను? కరువు అని రాయవచ్చు. నిజమే, ఆ ఏడు వానల్లేవు, చీరలు కొనేవాళ్ళు లేరు, మగ్గాలు సగం నిలిచిపోయాయి. కానీ కరువు వాళ్ళ ఇంటికీ ఉంది. మా ఇంట్లో జొన్నసంగటి అయినా ఉడికేది, వాళ్ళ ఇంట్లో అదీ లేని రోజులున్నాయి. కాబట్టి కరువు మీదికి తోయను. నాకు పోవాలనిపించింది. అంతే. గుంటలోంచి కాళ్ళు బయటికి తీసి, బూట్లు వేసుకుని, జనం చూస్తుండగా పరిగెత్తాలనిపించింది. వాడికి రాసిన కాగితాన్ని చూస్తే అసూయ పుట్టింది. బంతి వేసేది నేను, పేరు వాడికా అనిపించింది. ఇంత చిన్న బుద్ధి నాకు ఉందని ఆ అయిదు రోజుల్లోనే తెలుసుకున్నాను.

ఆరో రోజు మధ్యాహ్నం వాడు వచ్చాడు. ముదిగుబ్బ నుంచి బస్సు దిగి ఇంటికి కూడా పోకుండా నేరుగా మా ఇంటికి వచ్చాడు. జుట్టులో, కనుబొమల్లో దూది అట్లాగే ఉంది. అప్పుడు మేం మాట్లాడుకున్నది నాకు ఒక్క ముక్క పోకుండా గుర్తుంది.

“ఏమప్పా, బెంగుళూరు నుంచి కాయితం వచ్చినాదంట. పోస్టాయప్ప బస్టాండులో చెప్పినాడు.”

“ఔ, వచ్చినాది.”

“ఎవురికి? నీకా, నాకా?”

నవ్వుతూనే అడిగాడు. అట్లా అడుగుతాడని నేను అనుకోలేదు. “నాకే” అన్నాను.

వాడి మొహంలో నవ్వు పోలేదు. కొంచెం ఆగింది, అంతే. “సదువు మల్ల, ఇంటాను. ఏం రాసినారో” అని మగ్గం పక్కన కూచున్నాడు.

కాగితం తీశాను. మొదటి వాక్యం ఉన్నదున్నట్టు తెలుగులో చెప్పాను. రెండో వాక్యం మీద కళ్ళు పెట్టి, ‘రైటౌట్‌గా మీరు ఇచ్చిన పాసులు ప్రత్యేకంగా చెప్పుకోదగ్గవి’ అని చదివాను. గొంతు వణకలేదు. వణికి ఉంటే బాగుండేదని తరవాత చాలాసార్లు అనుకున్నాను. మిగతా రెండూ సరిగానే చదివాను.

వాడు తల ఊపాడు. “నిజమేప్పా. ఆ రెండో గోలు నీదే అనుకో. నువ్వు ఏసినావు, నేను కాలు పెడితి.” మళ్ళీ కాగితం వైపు చూసి, “నా గురించి యాడన్నా రాసినారా?” అన్నాడు.

“లేదు.”

“ఒగ మాట గూడా లేదా? ఆయప్ప పుస్తకంలో నా పేరు రాసుకున్యాడే.”

“నీ పేరూ నా పేరూ ఒగటే గదా” అన్నాను. “నాదే రాసుకున్యాడేమో.”

ఇది నేను ముందుగా అనుకుని పెట్టుకున్న మాట కాదు. నోటికి అదే వచ్చింది. కానీ అంత సులువుగా ఎట్లా వచ్చింది? ఎక్కడో లోపల తయారుగా లేకపోతే వస్తుందా?

వాడు కాగితం ఇటివ్వమని చెయ్యి చాపాడు. ఇచ్చాను. రెండు వైపులా తిప్పి చూశాడు. అక్షరాలు ఎంత సన్నగా కొట్టినారో అన్నాడు. వాడి ఎడమ కాలి గురించి రాసిన వాక్యం వాడి బొటనవేలి కిందే ఉంది. మళ్ళీ నా చేతికిచ్చి లేచాడు.

“ఏమోలేప్పా. సామి ఇద్దరికీ ఒగే పేరు పెట్టించె. ఎవురో ఒగరు పోతాండారు గదా.”

నేను రైలెక్కే రోజు స్టేషనుకు వచ్చాడు. బెంగుళూరులో చలంట కదా అని ఒక బొంత కుట్టి తెచ్చాడు. తీసుకున్నాను. తీసుకోకపోతే ఎందుకని అడుగుతాడు కదా.

మిల్లులో కాగితం చూపించాను. ఎవరూ ఏమీ అడగలేదు. బూట్లు ఇచ్చారు. మొదటి వారం పరిగెత్తడమే రాలేదు, బంతి ఒకచోట ఉంటే కాలు ఒకచోట పడేది. కార్యదర్శి గట్టు మీద నిలబడి చూసి, నీ ఎడమ కాలు ఏమైందయ్యా అని అడిగాడు. బూట్లు సార్, అలవాటు లేదు అన్నాను. ఆయన నవ్వాడు. వట్టి కాళ్ళతో ఆడి వచ్చిన ప్రతివాడూ ఇదే చెబుతాడన్నాడు. ఆ బూట్లు నన్ను కాపాడాయి. వాళ్ళు నాకు ఆరు నెలలు గడువిచ్చారు. రోజూ తెల్లవారి అందరికంటే ముందు మైదానానికి పోయి గోడకు బంతి కొట్టేవాణ్ణి, ఎడమ కాలితోనే. గోళ్ళు ఊడిపోయాయి. ఇంత కష్టపడ్డాను కాబట్టి ఆ చోటు నాదేనని నాకు నేను చెప్పుకునేవాణ్ణి. దొంగ సొత్తును తోమి తళతళలాడిస్తే అది మన సొత్తవుతుందా?

నేను చెడ్డ ఆటగాణ్ణి కాను. ఇది గొప్పకు చెప్పడం లేదు. పదకొండేళ్ళు ఆ జట్టుకు సెంటర్ ఫార్వర్డ్‌గా ఆడాను. మద్రాసులో ఆడాను, హైదరాబాదులో ఆడాను, రాష్ట్ర జట్టుకు కూడా రెండేళ్ళు ఆడాను. కప్పులు వచ్చాయి, దండలు వేశారు. జనం ముఖ్యంగా ఒకదానికోసం వచ్చేవాళ్ళు. గోలుకు వీపు పెట్టి నిలబడి, ఆపేవాడిలా వంగి, కాళ్ళ మధ్య నుంచి బంతి పోనిచ్చి తిరగడం. అవును, అదే. బెంగుళూరులో దానికి కుళ్ళాయప్ప మలుపు అని పేరు పెట్టారు. పేపర్లో కూడా రాశారు. చదివి, పేరు సరిగానే పెట్టారు, మనిషే తప్పు అనుకున్నాను. అయినా మళ్ళీ ఆటలో అదే చేశాను. చప్పట్లు అంటే నాకు అంత ఇష్టం.

దొరికితే దొంగ, దొరక్కపోతే దొర అంటారు. నేను దొరనే అయ్యాను. కానీ మిల్లు ఆఫీసులో ఎవరైనా ‘నీ కాగితం’ అని మొదలుపెడితే చాలు, గుమ్మడికాయల దొంగలా భుజాలు తడుముకునేవాణ్ణి. అది జీతం కాగితమో, సెలవు కాగితమో అయ్యేది.

సెలవులకు ఊరికి వస్తే ఇంకో బాధ. టీ హోటల్లో పేపరు చదివేవాళ్ళు వాణ్ణి ఆటపట్టించేవాళ్ళు. “ఏం కుళ్ళాయప్పా, నిన్న మైసూరులో రెండు కొట్టినావంటనే” అని. వాడు టీ తాగుతూ, “కొట్నా, ఎడం కాల్తోనే కొట్నా” అనేవాడు. అందరూ నవ్వేవాళ్ళు. నేనూ నవ్వేవాణ్ణి. ఆ హోటల్లో ఆ మాట ఎగతాళి కాదని తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే.

మోకాలు పోయింది. మిల్లువాళ్ళు మాట ప్రకారం ఆఫీసులో కుర్చీ ఇచ్చారు. ఏడాది కూచుని వచ్చేశాను. ఇప్పుడు ధర్మవరంలో పట్టునూలు అమ్ముకుంటున్నాను. నన్నిప్పుడు ఎవరూ మగ్గం కుళ్ళాయప్ప అనరు, బెంగుళూరు కుళ్ళాయప్ప అంటారు. వాడు మాత్రం పరుపుల కుళ్ళాయప్పగానే ఉన్నాడు. నేను పోయిన రెండేళ్ళకే ఆట మానేశాడట. ఎందుకు మానేశావని ఒక్కసారి కూడా అడగలేదు నేను. వారానికి రెండుసార్లయినా నా అంగడికి వచ్చి కూచునేవాడు. చెప్పడానికి నాలుగేళ్ళ పాటు వారానికి రెండుసార్లు వీలు దొరికింది. ఈ వారం కాదు, పైవారం అనుకునేవాణ్ణి. పరువు పోతుందని భయం. అంతకంటే, వాడు కోప్పడకుండా సరేలేప్పా అంటాడేమోనని భయం.

వాడిది చిన్నప్పటి నుంచీ దూది దుమ్ము పీల్చిన ఊపిరి. రెండేళ్ళు దగ్గి దగ్గి, ఈ ఎండాకాలంలో పోయాడు. నలభై కూడా లేవు. బెంగుళూరు పోయి ఉంటే బతికేవాడా? మిల్లులోనూ ఉన్నది దూదే. కానీ ఆటగాళ్ళను దూది దగ్గర పెట్టేవాళ్ళు కారు. నాకు తెలుసు, నేనక్కడ ఉన్నాను కదా.

నలభయ్యో రోజు ఫాతిహాకు పోయాను. భోజనాలయ్యాక అందరూ వెళ్ళిపోతుంటే వాడి భార్య మస్తానమ్మ నన్ను ఉండమంది. ఏడవలేదు. గిన్నెలు సర్దుతూనే అడిగింది.

“అన్నా, ఒగ మాట అడుగుతా, నిజం చెప్పు. నీకంటే మా ఇంటాయనే బాగా ఆడేటోడని ఊర్లో పెద్దోళ్ళు అంటారు. ఆయప్ప మాత్రం ఎన్నడూ ఒప్పుకోలా. నేను అంత ఆటగాణ్ణయితే బెంగుళూరోళ్ళు నన్నే పిలుద్దురు గదా, వాళ్ళకు తెలీదా అనేటోడు. ఏదో పల్లె ఆట ఆడితిమి, పెద్దాటకు పనికొచ్చేటోణ్ణి కాదు అనేటోడు. నిజమేనా?”

నేను వాడి ఉద్యోగం తీసుకున్నానని, పేరు తీసుకున్నానని అప్పటిదాకా అనుకుంటూ వచ్చాను. తాను ఎంత ఆటగాడో తెలుసుకునే దారి కూడా మూసేశానని ఆ గిన్నెల ముందు నిలబడి తెలుసుకున్నాను. నా నోటి నుంచి విన్న ఆ అబద్ధపు వాక్యాన్ని నమ్మి, దాని ప్రకారం తనకు తాను వెల కట్టుకుని, ఆట మానేసి, ఊళ్ళు తిరిగి పరుపులు కుట్టి, అదే నమ్మకంతో మట్టిలోకి పోయాడు.

“బాగా ఆడేటోడమ్మా” అన్నాను. చావింట్లో ఎవరైనా అనే మాట. ఆమె కూడా అట్లాగే విని, సరే అన్నట్టు తల ఊపి, గిన్నెలు లోపలికి తీసుకుపోయింది.

ఆమె ఆ మాట నమ్మలేదు. నమ్మేటట్టు నేను చెప్పలేదు. చెప్పాల్సింది వేరే ఉంది. ఇంటికొచ్చి మూడు రోజులు దాన్ని ఎట్లా చెప్పాలా అని తిరిగి తిరిగి, చివరికి ఈ కాగితాలు ముందేసుకున్నాను. వాడికి చెప్పే కాలం దాటిపోయింది. మస్తానమ్మకు చెబుతానా? చెబుతానని మీకు మాట ఇవ్వలేను, నా మాట ఎంతటిదో చూశారు కదా. క్షమించమని మిమ్మల్ని అడగను. అది మీ చేతిలో లేదు. ఎవరి చేతిలో ఉందో వాడు లేడు.

ఆమె అడిగినదానికి జవాబు మాత్రం రాసి పెడుతున్నాను. బెంగుళూరు వాళ్ళకు తెలుసమ్మా. చూడగానే తెలిసింది. వాళ్ళు పిలిచింది మీ ఆయన్నే.